ఇంట్‌కు రెండు బైట్లా, నాలుగు బైట్లా? అసలు ఈ డేటా టైపులు ఎందుకు?

హనుమకొండ_ఫస్టియర్
నేను డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా సి భాష పుస్తకంలోని డేటా టైపుల పట్టికలో, పూర్ణసంఖ్యలను దాచే ఇంట్ అనే టైపుకు 2 బైట్లని, దాని పరిధి -32768 నుంచి 32767 వరకని ఉంది. ల్యాబ్‌లోని టర్బో సి కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) కూడా, టైపుకు ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌తో అడిగితే 2 అనే చూపిస్తోంది. అదే ప్రోగ్రామును ఇంటికి వచ్చి ఫోన్‌లోని కంపైలర్‌లో నడిపితే 4 వస్తోంది. ల్యాబ్‌లో అడిగితే పరీక్షలో 2 అని రాయమన్నారు తప్ప కారణం చెప్పలేదు. డిగ్రీ చదువుతున్న మా అక్క పైథాన్‌లో ఏ టైపూ ప్రకటించకుండా నేరుగా వయసు = 19 అని రాస్తోంది, అది నడుస్తోంది కూడా. అలాంటప్పుడు మేము ఈ పట్టికంతా ఎందుకు బట్టీ పట్టాలో, వేరియబుల్‌కు (విలువను దాచుకునే పేరుకు) టైపు ఎందుకు కావాలో ఎవరైనా మొదటి నుంచి వివరించగలరా?

జనగామ_జావా
రెండు జవాబులూ సరైనవే తమ్ముడూ. కంపైలర్ మారింది కాబట్టి జవాబు మారింది. జావాలో ఈ ప్రశ్నే తలెత్తదు, ఎందుకంటే అక్కడ ఏ యంత్రం మీదైనా ఇంట్‌కు 4 బైట్లేనని భాష నిబంధనల్లోనే ఉంది.

కాజీపేట_సిస్టమ్స్
జనగామ అన్న చెప్పినదానికి కారణం కూడా చేరుస్తాను. సి భాష ప్రమాణం ఇంట్‌కు ఇన్ని బైట్లని ఎక్కడా కచ్చితంగా చెప్పదు. కనీసం 16 బిట్లు ఉండాలని మాత్రమే చెప్పి, మిగిలినది కంపైలర్ తయారుచేసేవారికి వదిలేసింది. టర్బో సి, డాస్ అనే పాత 16 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ కాలానికి చెందిన కంపైలర్ కాబట్టి అక్కడ ఇంట్ 16 బిట్లు, అంటే 2 బైట్లు. ఇప్పుడు మన ఫోన్లలోనూ ల్యాప్‌టాప్‌లలోనూ నడిచే కంపైలర్లలో అది 32 బిట్లు, అంటే 4 బైట్లు.

పరిధి సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే బట్టీ పట్టవలసిన పని ఉండదు. ఒక బిట్‌లో 0 లేదా 1 ఉంటుంది కాబట్టి 16 బిట్లతో 65536 వేర్వేరు విలువలను సూచించవచ్చు. అందులో సగం రుణ సంఖ్యలకు పోతే -32768 నుంచి 32767 వరకు మిగులుతుంది. 32 బిట్లకు ఇదే లెక్క వేస్తే -2147483648 నుంచి 2147483647 వరకు వస్తుంది.

నీ కంపైలర్‌లో ఎంతో తెలుసుకోవాలంటే లిమిట్స్ అనే హెడర్ ఫైల్‌లోని ఇంట్_మ్యాక్స్ (ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య) విలువను ముద్రించి చూడు. సైజు కచ్చితంగా ఇంతే ఉండాలనుకున్నప్పుడు 1999 నాటి సి ప్రమాణంలో వచ్చిన ఇంట్32_టి, ఇంట్64_టి అనే టైపులు వాడవచ్చు, కానీ టర్బో సి అంతకంటే పాతది కనుక మీ ల్యాబ్‌లో అవి దొరకవు. పరీక్షలో "16 బిట్ల కంపైలర్‌లో 2 బైట్లు, నేటి సాధారణ కంపైలర్లలో 4 బైట్లు" అని రెండూ రాయి. అది తప్పని ఎవరూ అనలేరు.

ఓరుగల్లు_పాఠాలు
కాజీపేట తమ్ముడు చెప్పిన ప్రతి మాటా నిజమే, కానీ మొదలుపెట్టవలసిన చోటు అది కాదని నా గట్టి అభిప్రాయం. నేను ఇంటర్, డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. ఈ బైట్ల పట్టికతో పాఠం మొదలైన చోటల్లా పిల్లలు పట్టికను అప్పజెప్పగలుగుతున్నారు కానీ, ఒక ఫోన్ నంబరును ఏ టైపులో దాచాలని అడిగితే తడబడుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఇంట్ అంటారు. పది అంకెల మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది కాబట్టి అది 2147483647 కంటే ఎప్పుడూ పెద్దదే. 32 బిట్ల ఇంట్‌లో పట్టనే పట్టదు.

ఈ మాట చెప్పగానే "అయితే 64 బిట్లది వాడదాం" అంటారు. అది పడుతుంది, నిజమే, కానీ ఎందుకు? రెండు ఫోన్ నంబర్లను మనం ఎన్నడైనా కూడతామా, ఒకదాన్ని సగం చేస్తామా? దానితో లెక్క చేయనప్పుడు అది అంకెల రూపంలో ఉన్న పేరు మాత్రమే, కాబట్టి దాని చోటు స్ట్రింగ్, అంటే అక్షరాల వరుసగా దాచే టైపు. మన వరంగల్ ఎస్‌టీడీ కోడ్ 0870ను చూడండి. సంఖ్యగా దాచిన మరుక్షణం ముందున్న సున్నా పోయి 870 మిగులుతుంది. సి ప్రోగ్రాములో నేరుగా 0870 అని రాస్తే ఇంకా విచిత్రం జరుగుతుంది: ముందు సున్నా ఉంటే సి దాన్ని ఎనిమిది ఆధారంగా గల సంఖ్య అనుకుంటుంది, ఆ పద్ధతిలో 8 అనే అంకే లేదు కాబట్టి కంపైలర్ ఆ వరుసనే తిరస్కరిస్తుంది. పైథాన్ 3 కూడా అలాంటి సంఖ్యను ఒప్పుకోదు.

అందుకని ఏ వివరం చేతికి వచ్చినా ముందు మూడు సంగతులు అడగమని చెబుతాను. దీనితో కూడికలూ గుణకారాలూ చేస్తామా? చేస్తే ఇది ఎంత పెద్దదిగా పెరగవచ్చు? జవాబు పైసా తేడా లేకుండా కావాలా, దాదాపుగా ఉంటే చాలా? బైట్ల సంగతి రెండో ప్రశ్న దగ్గర దానంతటదే వస్తుంది.

పరకాల_డేటాబేస్
లెక్క చేయనిదంతా స్ట్రింగే అన్న సూత్రాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను అక్కా. పిన్ కోడ్‌ను తీసుకోండి. మన దేశంలో ఏ పిన్ కోడ్ కూడా సున్నాతో మొదలవదు, ఎప్పుడూ ఆరు అంకెలే ఉంటాయి. ఎన్ఐటీ వరంగల్ పిన్ 506004ను ఇంట్‌లో దాచితే ఏ సమాచారమూ పోదు, చోటు తక్కువ పడుతుంది, ఒక శ్రేణిలోని పిన్ కోడ్‌లను వెతకడమూ తేలిక. లక్షల వరుసలున్న పట్టికలో ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

ఓరుగల్లు_పాఠాలు
చోటు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఇతర దేశాల చిరునామాలు కూడా అదే పట్టికలోకి రావలసి వస్తే, కొన్ని దేశాల కోడ్‌లలో అక్షరాలుంటాయి, కొన్ని సున్నాతో మొదలవుతాయి. మొదటి సంవత్సరం పిల్లలకు స్ట్రింగ్ అనే చెబుతాను, మీలాంటి అవసరం వచ్చినప్పుడు తెలిసి మార్చుకుంటారు. ఇంకొకటి, 506004 కూడా మీ ఇంట్‌లోనే పడుతుంది, ఈ తమ్ముడి ల్యాబ్‌లోని ఇంట్‌లో కాదు. అక్కడ 32767 దాటితే చోటు లేదు.

పరకాల_డేటాబేస్
టర్బో సి విషయం నాకు తట్టలేదు, అది సరైన మాట.

హనుమకొండ_ఫస్టియర్
పాఠాల మేడమ్ చెప్పిన మూడు ప్రశ్నలు నోటుపుస్తకంలో రాసుకున్నాను. పైథాన్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అక్క కంప్యూటర్‌లో రెండు సంఖ్యలను ఇన్‌పుట్‌తో అడిగి కూడే ప్రోగ్రాము రాశాను. 20, 30 ఇస్తే 50 రావాలి కదా, 2030 వచ్చింది. టైపులే లేని భాషలో ఇలా ఎందుకు జరుగుతుంది?

జనగామ_జావా
పైథాన్‌లో టైపులు లేవన్నది చాలామందికి ఉన్న అపోహ. టైపు ఉంది, అది పేరుకు కాక విలువకు అంటుకుని ఉంది. సిలో ఇంట్ వయసు అని ప్రకటించాక ఆ పేరు చివరిదాకా ఇంట్‌కే కట్టుబడి ఉంటుంది. పైథాన్‌లో వయసు అనే పేరు ఇప్పుడు 19 అనే సంఖ్యను, తర్వాతి వరుసలో "పంతొమ్మిది" అనే స్ట్రింగ్‌ను సూచించవచ్చు, కానీ ఆ రెండు విలువల్లో ప్రతిదానికీ తనదైన టైపు ఉంటుంది. టైప్ అనే ఫంక్షన్‌తో అడిగి చూడు, చెబుతుంది.

పైథాన్ 3లో ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే తిరిగి ఇస్తుంది. రెండు స్ట్రింగ్‌ల మధ్య ప్లస్ పెడితే ఒకదాని పక్కన ఒకటి అతుకుతుంది, అందుకే 2030 వచ్చింది. చదివిన వెంటనే ఇంట్ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చుకుంటే 50 వస్తుంది. స్ట్రింగ్ "20"ని సంఖ్య 30తో కూడమంటే పైథాన్ టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఆగడం మనకు మేలే. జావాస్క్రిప్ట్ అయితే ఆగకుండా "2030" ఇస్తుంది, అదే చోట మైనస్ పెడితే -10 ఇస్తుంది.

ములుగు_పైథాన్
ట్రూ, ఫాల్స్ అనే రెండే విలువలుండే బూల్ టైపు దగ్గర కూడా జాగ్రత్త. వాడుకరి "ఫాల్స్" అని టైపు చేస్తే దాన్ని బూల్ ఫంక్షన్‌తో మార్చితే జవాబు ట్రూ వస్తుంది, "0" అని టైపు చేసినా ట్రూనే వస్తుంది. ఖాళీగా లేని ఏ స్ట్రింగ్ అయినా పైథాన్‌కు ట్రూనే.

కాజీపేట_సిస్టమ్స్
మొదట్లో అందరికీ చెప్పే పోలిక ఒకటుంది: వేరియబుల్ అంటే ఒక డబ్బా, విలువ అంటే అందులో వేసిన వస్తువు అని. సి వరకు అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ వేరియబుల్ నిజంగానే మెమరీలో ఇన్ని బైట్ల చోటు. ఇంట్ బి = ఎ అని రాస్తే ఎ విలువకు నకలు తయారై బి చోటులోకి వెళుతుంది, తర్వాత బిని మార్చినా ఎ మారదు.

ములుగు_పైథాన్
ఆ డబ్బా పోలికే పైథాన్ పిల్లలను ముంచుతోంది అన్నా. మార్కులు = [78, 85] అని రాసి, తర్వాత నకలు = మార్కులు అని రాసి, నకలుకు అపెండ్‌తో 91 చేర్చండి. మార్కులు లిస్టును ముద్రిస్తే అందులోనూ 91 కనిపిస్తుంది. డబ్బా అని నమ్మినవాళ్లకు ఇది అర్థమే కాదు. అక్కడ ఉన్నది ఒకే లిస్టు, దానికి రెండు పేర్లు. విడి నకలు కావాలంటే కాపీ మెథడ్‌తో అడిగి తీసుకోవాలి.

కాజీపేట_సిస్టమ్స్
అది పైథాన్‌కు వర్తిస్తుందని నేను అనలేదు, సి వరకు అన్నాను. ఆ పోలిక సిలో ఇంకో పనికి కూడా వస్తుంది. ఫంక్షన్ లోపల ఇంట్ మొత్తం అని మాత్రమే ప్రకటించి విలువ ఇవ్వకుండా వదిలేస్తే, ఆ చోటులో అంతకుముందు ఏముంటే అదే ఉంటుంది, దాన్నే గార్బేజ్ విలువ అంటారు. అందులో సున్నా ఉంటుందని అనుకుని కూడికలు మొదలుపెట్టకూడదు.

నర్సంపేట_పత్తి
చర్చ చదువుతుంటే నా చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోతుందనిపిస్తోంది. మార్కెట్ యార్డులో ఇచ్చే తక్‌పట్టీని (అమ్మిన సరుకు లెక్క చీటీని) సరిచూసుకోవడానికి మా నాన్న కోసం సిలో చిన్న ప్రోగ్రాము రాశాను. 37 క్వింటాళ్ల 45 కిలోల పత్తి, క్వింటాలు 7521 రూపాయలు. 2024-25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర అది. బరువు, ధర, మొత్తం మూడింటినీ దశాంశ సంఖ్యలు పట్టే ఫ్లోట్ టైపుగా ప్రకటించాను. చేతితో గుణిస్తే 281661.45 రావాలి, ప్రోగ్రాము 281661.47 అంటోంది. రెండు పైసలు చిన్నవే, కానీ ఆ రెండు పైసలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా ఈ ప్రోగ్రామును నాన్న చేతికి ఇవ్వలేను.

ఓరుగల్లు_పాఠాలు
నీ సందేహం చాలా విలువైనది తమ్ముడూ, ఈ చర్చలో అసలైన పాఠం ఇదే. మనం పదుల పద్ధతిలో రాసే 37.45 యంత్రం లోపల రెండుల పద్ధతిలోకి మారాలి. అక్కడ సగం, పావు, అరపావు లాంటి భాగాలను కలిపి కట్టగలిగిన భిన్నాలే కచ్చితంగా కుదురుతాయి. 0.5 కుదురుతుంది, 0.25 కుదురుతుంది, 0.45 ఎన్ని బిట్లు ఇచ్చినా కుదరదు. కాబట్టి యంత్రం అతి దగ్గరి విలువను తీసుకుంటుంది.

ఫ్లోట్‌కు 32 బిట్లే, అందులో సంఖ్యలోని అంకెలకు దక్కేది 24 బిట్ల కచ్చితత్వం, అంటే సుమారు ఏడు అంకెలు. 37.45 అందులోకి వెళ్లగానే 37.45000076 దగ్గరికి జరిగింది. దాన్ని 7521తో గుణిస్తే ఆ చిన్న తేడా కూడా 7521 రెట్లై దాదాపు అర పైసా అయింది. ఆపైన 281661 లాంటి పెద్ద సంఖ్య దగ్గర ఫ్లోట్ చూపగలిగిన పక్కపక్క విలువల మధ్య దూరం రూపాయిలో 32వ వంతు, అంటే మూడు పైసల పైమాట. 281661.4375 ఉంది, దాని తర్వాత 281661.46875 ఉంది, మధ్యలో ఏమీ లేదు. నీ జవాబు ఆ రెండో దానికి దగ్గరగా పడింది, రెండు దశాంశాలకు ముద్రిస్తే 47 అయింది.

జనగామ_జావా
ఫ్లోట్ తీసి డబుల్ పెట్టు, పని అయిపోతుంది. డబుల్‌కు 64 బిట్లు, పదిహేను అంకెల దాకా నమ్మవచ్చు. ఈ లెక్క దానితో 281661.45 అనే వస్తుంది.

పరకాల_డేటాబేస్
ఈ ఒక్క లెక్కకు వస్తుంది. డబ్బును డబుల్‌లో పెట్టడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు. డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, అది 0.3తో సమానమా అని అడిగితే కాదనే జవాబు వస్తుంది. ఒక బిల్లు దాటి సీజన్ మొత్తం కూడి, చెల్లించిన దానితో సరిపోయిందా అని పోల్చే రోజున ఇది అడ్డం తిరుగుతుంది. పైసలను పూర్ణసంఖ్యలుగా దాచుకో తమ్ముడూ. బరువు 3745 కిలోలు, ధర క్వింటాలుకు 752100 పైసలు. రెండింటినీ గుణించి 100తో భాగిస్తే 28166145 పైసలు, తేడాకు తావే లేదు. పైథాన్‌లోనైతే ఇందుకు డెసిమల్ అనే మాడ్యూల్ ఉంది, దానికి విలువను "37.45" అని స్ట్రింగ్‌గా ఇవ్వాలి.

నర్సంపేట_పత్తి
మూడింటినీ ఇంట్‌గా మార్చి నడిపాను అన్నా. ఇప్పుడు మైనస్‌లో వస్తోంది: -14783527.

కాజీపేట_సిస్టమ్స్
చివరి జవాబు 28166145 ఇంట్‌లో హాయిగా పడుతుంది. పట్టనిది మధ్యలో వచ్చిన లబ్ధం. 3745ను 752100తో గుణిస్తే 2816614500 వస్తుంది, పరిమితి 2147483647. సిలో గుర్తుగల (ప్లస్, మైనస్ రెండూ పట్టే) పూర్ణసంఖ్య పరిధి దాటితే ఏమవుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. నీ యంత్రంలో అది చుట్టు తిరిగి -1478352796 అయింది, దాన్ని 100తో భాగించగా నీకు కనిపించిన సంఖ్య మిగిలింది. జావా ఇంట్‌లోనూ ఇదే వస్తుంది, తేడా ఏమిటంటే అక్కడ అలా చుట్టు తిరగాలనే నిబంధన ఉంది.

కనీసం 64 బిట్లుండే లాంగ్ లాంగ్ అనే టైపు వాడు. ఉత్త లాంగ్‌ను నమ్ముకోవద్దు, విండోస్ కంపైలర్లలో అది 32 బిట్లే, 64 బిట్ల లైనక్స్‌లో 64 బిట్లు. ఇంకో ముఖ్యమైన సంగతి, మొత్తాన్ని మాత్రమే లాంగ్ లాంగ్ చేసి బరువు, ధర ఇంట్‌లుగానే ఉంచితే ఫలితం మారదు. గుణకారం ఇంట్‌లోనే జరిగి, చెడిపోయిన తర్వాత పెద్ద చోటుకు చేరుతుంది. గుణించే రెండింటిలో కనీసం ఒకటి ముందే లాంగ్ లాంగ్ అయి ఉండాలి.

ములుగు_పైథాన్
పైథాన్ ఇంట్‌కు పై పరిమితి లేదు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది రాదు. 2 ఘాతం 100 అడిగినా 1267650600228229401496703205376 అని పూర్తిగా ఇస్తుంది.

జనగామ_జావా
పరిధి దాటడం రైతు లెక్కల దగ్గరే ఆగదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం నిమిషం కూడా గడవకముందే ధ్వంసమైంది. 64 బిట్ల ఫ్లోటింగ్ విలువ ఒకదాన్ని 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోతే అది పట్టలేదు. ఆ భాగం ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నది, ఆ పాత రాకెట్‌లో విలువ అంత పెద్దదయ్యేది కాదు. పాఠాల అక్క రెండో ప్రశ్న, "ఇది ఎంత పెద్దదిగా పెరగవచ్చు", అక్కడ మళ్లీ అడగవలసింది.

కాజీపేట_సిస్టమ్స్
ముందు రాబోయేది కూడా ఒకటుంది. సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లుగా లెక్కపెట్టి 32 బిట్ల ఇంట్‌లో దాచుకునే పాత వ్యవస్థలు ఇంకా ఉన్నాయి. ఆ లెక్క 2038 జనవరి 19న, మన సమయం ప్రకారం ఉదయం 8:44:07కు నిండిపోతుంది. అందుకే కొత్త వ్యవస్థలు 64 బిట్లకు మారాయి.

హనుమకొండ_ఫస్టియర్
ఇక్కడ కొందరు వయసు, మార్కులు అని పేర్లు తెలుగులో రాశారు. నిజంగానే తెలుగులో రాస్తే నడుస్తుందా? మరి సిలో ఒక అక్షరాన్ని దాచే క్యార్ టైపు 1 బైట్ కదా, అందులో "వ" పడుతుందా?

ములుగు_పైథాన్
పైథాన్ 3లో నడుస్తుంది. మార్కులు = 78 అని తెలుగు లిపిలోనే రాసి చూడు. అయితే సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కీబోర్డు ఒక కనిపించని గుర్తును పెడుతుంది, అది పేరులో ఉంటే పైథాన్ ఒప్పుకోదు. ఇంట్ ఫంక్షన్‌కు "౧౨" అని తెలుగు అంకెలు ఇచ్చినా 12 అనే ఇస్తుంది.

క్యార్‌లో "వ" పట్టదు. అక్షరాలను బైట్లుగా మార్చి దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. "వరంగల్" అన్న స్ట్రింగ్‌కు పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ ఫంక్షన్‌ను అడిగితే 6 వస్తుంది, చదివేవారికి నాలుగు అక్షరాలే కనిపించినా సున్నాను, పొల్లును అది విడిగా లెక్కిస్తుంది. అదే మాటకు సిలో స్ట్రెలెన్ 18 అంటుంది, ఎందుకంటే అది బైట్లను లెక్కపెడుతుంది. పేరులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాము తెలుగుకు రాయాలంటే ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

ఓరుగల్లు_పాఠాలు
ఇది నా పిల్లలకు రేపే చూపిస్తాను. మన ఊరి పేరుతోనే బైటుకూ అక్షరానికీ తేడా తెలిస్తే మరచిపోరు.

నర్సంపేట_పత్తి
బరువు, ధర రెండింటినీ లాంగ్ లాంగ్ చేశాను, 28166145 పైసలు వచ్చింది. 100తో భాగించి రూపాయలు, శేషంతో పైసలు తీసి మధ్యలో చుక్క పెట్టి ముద్రిస్తే 281661.45 సరిగ్గా వస్తోంది. నాన్న పాత తక్‌పట్టీలు తెచ్చి ఇచ్చారు, ఒక్కొక్కటీ ఎక్కించి చూస్తున్నాను.

పరకాల_డేటాబేస్
ఇచ్చే ముందు శేషం పది కంటే తక్కువగా వచ్చే బిల్లును కూడా ఒకటి ఎక్కించి చూడు. 5 పైసలు మిగిలితే చుక్క తర్వాత ఉత్త 5 పడుతుంది, చదివేవారికి అది 50 పైసలులా కనిపిస్తుంది. ప్రింట్‌ఎఫ్‌లో పైసలు ముద్రించే చోట రెండు అంకెల వెడల్పు, ముందు సున్నా అని చెప్పాలి, అప్పుడు 05 అని వస్తుంది.